ఇటాలియన్‌కి ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి

(విజయనగరం తోటపాలెంలో ఇంటి దగ్గరే ఇటాలియన్ ప్రైవేటు చెబుతున్న మేడమ్ ఈసారి పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు. భర్త ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు ఇటలీలోని త్రియెస్తె నగరంలో ఉండి వచ్చారు. ఉత్తరాల్లో కొన్నింటిని కుదించాం. పేర్లు వేయలేదు.)

ప్రశ్న: బీటెక్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఇటలీలో ఎమ్మెస్‌కి అప్లై చేస్తున్నాను. కోర్సు మొత్తం ఇంగ్లీషులోనే అంటున్నారు. మరి ఇటాలియన్ నేర్చుకోవడం అవసరమా? ఫోన్‌లో యాప్ ఉండగా ప్రైవేటుకి డబ్బులెందుకని మా అన్నయ్య అంటున్నాడు.
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: కోర్సు ఇంగ్లీషులోనే ఉంటుందమ్మా, ఆ మాట నిజమే. ఇటాలియన్‌లో చెప్పే కోర్సులకైతే మామూలుగా బీ2 స్థాయి అడుగుతారు. (భాష ఎంత వచ్చో చెప్పడానికి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు ఉంటాయి, బీ2 నాలుగోది.) మీకు ఆ గొడవ లేదు. కానీ మీరు ఉండబోయేది ఇరవై నాలుగు గంటలూ క్లాసురూములో కాదు కదా. దిగిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతి పత్రానికి దరఖాస్తు పెట్టాలి. దాన్ని 'పెర్మెస్సొ ది సొజ్జోర్నొ' అంటారు. ఆ దరఖాస్తు కవరు పోస్టాఫీసులో ఇస్తారు, లోపలి ఫారాలు ఇటాలియన్‌లో ఉంటాయి. తర్వాత 'క్వెస్తూరా' అనే పోలీసు ఆఫీసుకి వేలిముద్రలకి వెళ్ళాలి. కౌంటర్లో కూర్చున్నాయనకి ఇంగ్లీషు వస్తే మీ అదృష్టం. ఇంటి అద్దె ఒప్పందం ఇటాలియన్‌లోనే రాస్తారు. మన పిల్లలు ఎక్కువమంది ఆశపెట్టుకునే డీఎస్‌యూ స్కాలర్‌షిప్ ఉందే, అది కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చేది. ఏ ప్రాంతం నోటీసు ఆ ప్రాంతానిదే. ఇంగ్లీషు తర్జుమా పెట్టినా, గడువు దగ్గర అనుమానం వస్తే అసలు నోటీసే చదువుకోవాలి.

ఇక యాప్ సంగతి. నేను వద్దనను. బస్సులో కూర్చుని నాలుగు మాటలు గుర్తుపెట్టుకోవడానికి బాగానే ఉంటుంది. నా అభ్యంతరం వేరు. అది మనకి ఇటాలియన్‌ని ఇంగ్లీషులోంచి నేర్పుతుంది. విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్ళాల్సినవాడు విశాఖపట్నం వెళ్ళి బస్సు మారినట్టు ఉంటుంది ఆ వ్యవహారం.

నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది మొదటిరోజు 'తుత్తొ' అనే మాటని 'టుట్టో' అని చదువుతారు. అక్షరాలు ఇంగ్లీషు బళ్ళో చూసినవే కాబట్టి, ఆ అక్షరం కనబడగానే నోరు ట అనేస్తుంది. ఇటాలియన్‌లో ట లేదు, డ లేదు. ఉన్నవి మన త, మన ద. నాలుక పళ్ళకి తగలాలి. లండన్ నుంచి వచ్చినవాళ్ళు నెలల తరబడి కుస్తీపట్టే ఆ త మీకు ఉగ్గుపాలతో వచ్చింది, ఎందుకు వదులుకుంటారు? మనం 'ఇటలీ' అని రాస్తున్నప్పుడు వచ్చే ట కూడా ఇంగ్లీషువాళ్ళు ఇచ్చిపోయిందే. ఇటాలియన్ల నోట అది 'ఇతాలియా'.

ఒత్తులూ అంతే. కల, కల్ల, గడి, గడ్డి. ఈ తేడా వినబడని తెలుగువాళ్ళుండరు. ఇటాలియన్‌లో 'నోనొ' అంటే తొమ్మిదోది, 'నొన్నొ' అంటే తాత. 'పేనా' బాధ, 'పెన్నా' కలం. 'కపెల్లొ' తల వెంట్రుక, 'కప్పెల్లొ' టోపీ. ఇంగ్లీషు అలవాటులో చదివితే ఈ ఒత్తులన్నీ తేలిపోయి, తాతగారు కాస్తా తొమ్మిదోవాడైపోతాడు.

ఇంకొకటి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన పాఠం. మీ నాయనమ్మ 'చలి', 'చాప', 'చుక్క' అనేటప్పుడు ఆ చ ఎలా పలుకుతుందో ఒకసారి వినండి. 'చిలక', 'చెట్టు'లో ఉండే చ కాదది. దంత్య చకారం అంటారు, పాత పుస్తకాల్లో దాని నెత్తిన ఒక గుర్తు వేసి అచ్చువేసేవారు. పిజ్జా అని మనం అనేచోట ఇటాలియన్లు పలికేది ఆ దంత్య చకారాన్ని ఒత్తి. మన జొన్నలో, జున్నులో ఉన్న దంత్య జకారం కూడా వాళ్ళకుంది. దోమని 'జంజారా' అంటారు, ఆ రెండు జాలూ జొన్నలో జ లాగే. ఈ చప్పుళ్ళు ఏ యాప్‌లోనూ తెలుగులో చెప్పరు. మీ ఇంట్లో నాయనమ్మ ఉంటే సగం ప్రైవేటు ఆవిడే చెప్పేసినట్టు.

వ్యాకరణంలోనూ ఇలాగే కలిసొస్తుంది. 'వెళ్తున్నాను' అంటే మనకి చాలు, 'నేను' అక్కర్లేదు. వాళ్ళకీ 'వాదొ' అంటే చాలు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు వాక్యానికొక 'ఇయొ' తగిలిస్తారు, అంటే 'నేను, నేను' అని. వినడానికి గొప్పలు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. 'నాకు కాఫీ నచ్చుతుంది, నాకు పాటలు నచ్చుతాయి' అంటాం కదా. క్రియ మారింది పాటల్ని బట్టి, నన్ను బట్టి కాదు. 'మి పియాచె ఇల్ కఫ్ఫె, మి పియాచ్చొనొ లె కంత్సోని' అన్నప్పుడు జరిగేదీ అచ్చంగా అదే. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళకి ఈ పాఠం వారాలు పడుతుంది. తెలుగులో చెబితే ముందున్న కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. అద్దెకిచ్చిన ఇంటి ఓనర్లనీ ఆఫీసులోవాళ్ళనీ 'లేయ్' అనాలి, తోటివాళ్ళని 'తు' అనాలి. ఎవరిని మీరనాలో, ఎవరిని నువ్వనాలో మన పిల్లలకి వేరే నేర్పక్కర్లేదు.

మనకి ఇబ్బంది ఉన్నచోటు కూడా చెప్పాలి. అది లింగం. తెలుగులో బల్ల, కుర్చీ, పుస్తకం అన్నీ 'అది'. వాళ్ళకి బల్ల మగ, కుర్చీ ఆడ, సూర్యుడు మగ, చంద్రుడు ఆడ. దానికి తోడు ప్రతి మాట ముందూ ఇల్, లొ, లా అని ఏదో ఒకటి తగిలించాలి. హిందీ బాగా వచ్చినవాళ్ళకి ఈ విషయంలో మనకన్నా సుఖం. అందుకే మా పిల్లల నోటుబుక్కుల్లో 'కాసా' (ఇల్లు) అని విడిగా రాస్తే కొట్టేస్తాను. 'లా కాసా' అని రాయాలి. ఇక రెండో ఇబ్బంది, క్రియ. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, వాళ్ళకి మధ్యలోకి రావాలి. ఇది మాత్రం నోరు తిరిగితేనే వస్తుంది, చదివితే రాదు.

ప్రైవేటుకి డబ్బులెందుకంటే, ఆ నోరు తిరిగేటప్పుడు పక్కన కూర్చుని ఆపే మనిషి కోసం. గంట ప్రైవేటులో మాస్టారు ఎంతసేపు మాట్లాడారు, మీరెంతసేపు మాట్లాడారు చూసుకోండి. మాస్టారిదే ఎక్కువైతే అది ఉపన్యాసం, దానికి ఫీజు దండగ. వారానికి రెండు గంటల ప్రైవేటు, ఇంటి దగ్గర రోజూ ఓ అరగంట పైకి చదవడం, ఇలా అయిదారు నెలలు చేస్తే ఏ1 దాటి ఏ2 గుమ్మంలో ఉంటారు. ప్రయాణానికి నెల ముందు వచ్చి 'క్రాష్ కోర్సు మేడమ్' అనేవాళ్ళకి ఫారాల్లో ఉండే మాటలు, అంకెలు, తేదీలు చెప్పి పంపిస్తాను. అంతకన్నా నా వల్ల కాదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఇటాలియన్ చెప్పడానికి ఒక మాస్టారు దొరికారు. ఆయన ఎప్పుడూ ఇటలీ వెళ్ళలేదట. ఆరు నెలల ఫీజు ముందే కట్టమంటున్నారు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక తండ్రి, రాజాం

జవాబు: ఇటలీ వెళ్ళకపోవడం పెద్ద లోటేమీ కాదండి. మా ఊరి సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు గారు పారశీకం నేర్చుకున్నది పర్షియా వెళ్ళి కాదు. అలాగే అక్కడ ఉండి వచ్చినంత మాత్రాన నాలాంటివాళ్ళు గొప్పా కాదు. నా ఇటాలియన్‌కి త్రియెస్తె వాసన ఉంది. ఆ ఊళ్ళో కాఫీ బార్లో 'నేరొ' అంటే ఎస్ప్రెస్సొ ఇస్తారు, 'కాపొ' అంటే అందులో కాసిని పాలు పోసి ఇస్తారు. రోమ్‌లో 'కాపొ' కావాలంటే తెల్లబోయి చూస్తారు.

మాస్టారిని ఎలా పరీక్షించాలో చెబుతాను. ఇటలీ ప్రభుత్వ ప్రసార సంస్థ 'రాయ్' రేడియో వార్తలు ఫోన్‌లో పెట్టుకుని రెండు నిమిషాలు వినండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, చప్పుడు చెవిలో పడనివ్వండి. తర్వాత ఆ మాస్టారిని ఒక పేజీ పైకి చదవమనండి. ఇంగ్లీషు చదివినట్టు వినబడితే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. బాగుంటే ఒక క్లాసు మీ అబ్బాయిని కూర్చోబెట్టండి. ఆ గంటలో వాడి నోట ఎన్ని వాక్యాలు వచ్చాయో మీరు గుమ్మం బయట కూర్చుని కూడా లెక్కపెట్టవచ్చు. నోటుబుక్కు దిద్దుతారా అని అడగండి. ఆడియో ఉన్న పాఠ్యపుస్తకం, ఇటలీలో అచ్చయినది, వాడుతున్నారో లేదో చూడండి. జిరాక్సు కాగితాల కట్ట ఒక్కటే ఉంటే నాకైతే అనుమానమే.

ఆరు నెలల ఫీజు ముందు కట్టొద్దు. నెలకి, కుదిరితే క్లాసుకి ఇంత అని మాట్లాడుకోండి. పిల్లవాడికి విసుగొచ్చినా, మాస్టారికి వేరే ఉద్యోగం వచ్చినా ఎవరి డబ్బులూ ఇరుక్కోవు. ఇంకో మాట, ఇద్దరు పిల్లల్ని కలిపి చేర్పిస్తే ఫీజూ తగ్గుతుంది, చదువూ బాగుంటుంది. మా వరండాలో నేను ఎప్పుడూ ఇద్దరిద్దరినే కూర్చోబెడతాను. ఒకరు దుకాణదారు, ఒకరు కొనేవాళ్ళు. ఒక్కడే ఉంటే వాడు మాట్లాడాల్సింది నాతోనే, నా వయసు చూసి బెదిరిపోతాడు. పదిమంది ఉంటే వెనక బెంచీ తయారవుతుంది.

సర్టిఫికెట్ విషయం స్పష్టంగా చెబుతున్నాను. ప్రైవేటు మాస్టారు ఇచ్చే కాగితానికి ఎక్కడా విలువ లేదు, నేను ఇచ్చినా అంతే. ఇటలీ ప్రభుత్వం గుర్తించే పరీక్షలు వేరే ఉన్నాయి. సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం పెట్టేది చిల్స్, పెరూజాలోని విదేశీయుల విశ్వవిద్యాలయం పెట్టేది చేలి, 1889లో పుట్టిన దాంతె అలిగియేరి సొసైటీ పెట్టేది ప్లిదా, రోమా త్రె విశ్వవిద్యాలయానిది ఇంకొకటి. దీర్ఘకాల నివాస అనుమతికి ఏ2, పౌరసత్వానికి బీ1 (2018 నుంచి) అడుగుతారు. మన దేశంలో దిల్లీలోనూ ముంబయిలోనూ ఇటలీ ప్రభుత్వపు సాంస్కృతిక కేంద్రాలున్నాయి. పరీక్షల సంగతి నేరుగా వాళ్ళనే అడగండి, ఏజెంట్లని కాదు.

ప్రశ్న: తెలుగుని 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అంటారు కదా. రెండు భాషలకీ చుట్టరికం ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

జవాబు: లేదు మాస్టారూ. మనది ద్రావిడ భాష, వాళ్ళది లాటిన్ కడుపున పుట్టింది. రెండింట్లోనూ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, అందుకని పాటకి వీలుగా ఉంటాయి. ఆ బిరుదు అక్కడితో సరి. చుట్టరికం కావాలంటే మన తెలుగులోకి వచ్చిన సంస్కృతం వైపు చూడండి. లాటిన్, సంస్కృతం దూరపు దాయాదులు. ద్వి – దూయె, త్రి – త్రె, సప్త – సెత్తె, నవ – నోవె, దంతం – దెంతె, నామం – నోమె. పదో తరగతిలో సంస్కృతం తీసుకున్న పిల్లలకి నేను అంకెలు ఇలాగే చెబుతాను.

పొగడ్త మాత్రం ఇటాలియన్లకి చెప్పి చూడండి, సంతోషిస్తారు. వాళ్ళ పుస్తక భాషకి ఆధారం ఫ్లోరెన్స్ చుట్టుపక్కల మాట్లాడే తోస్కానా మాండలికం. 1861లో దేశం ఒకటయ్యేనాటికి ఆ భాష మాట్లాడేవాళ్ళు జనంలో చాలా తక్కువమంది, మిగిలినవాళ్ళంతా ఎవరి ఊరి మాట వాళ్ళదే. కాబట్టి మన యాస విని నవ్వేవాళ్ళుంటారని భయపడే శ్రీకాకుళం పిల్లలు ఇటలీలో కాస్త హాయిగానే ఉంటారు. అక్కడ ప్రతి ఊరివాళ్ళూ పక్క ఊరివాళ్ళ యాస చూసి నవ్వుతారు.

ప్రశ్న: నేను వెల్డరుని. గల్ఫ్‌లో పనిచేసి వచ్చాను. ఇటలీ షిప్‌యార్డులో పని ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. దానికి బీ1 సర్టిఫికెట్ తప్పనిసరి అని, అది కూడా తనే 'ఏర్పాటు' చేస్తానని లక్షల్లో అడుగుతున్నాడు. మీ దగ్గర నేర్చుకుంటే త్వరగా వస్తుందా?
– ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: బాబూ, ముందు డబ్బు కట్టడం ఆపండి. భాష తర్వాత.

మామూలు పని వీసాకి భాషా సర్టిఫికెట్ అడగరు. లేని అవసరాన్ని చూపించి డబ్బు గుంజుతున్నాడంటే మిగతా మాటలు కూడా అలాంటివే అనుకోవాలి. అసలు పద్ధతి ఇది. బయటి దేశాల నుంచి ఎంతమంది పనివాళ్ళని రానివ్వాలో ఇటలీ ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో లెక్క కడుతుంది. దాన్ని 'దెక్రేతొ ఫ్లుస్సి' అంటారు. 2023 నుంచి 2025 దాకా మూడేళ్ళకి కలిపి 4,52,000 మంది అని కట్టారు. దరఖాస్తు పెట్టాల్సింది మీరు కాదు, మీ ఏజెంటూ కాదు, అక్కడ పని ఇచ్చే యజమాని. ఆయనకి 'నుల్లా ఓస్తా' అనే అనుమతి వస్తుంది. అది చేతికొచ్చాకే మీరు వీసాకి వెళ్ళేది. కాబట్టి ఏజెంటుని మూడు అడగండి: యజమాని పేరేమిటి, పని ఏ ఊళ్ళో, నుల్లా ఓస్తా కాపీ ఏది? నీళ్ళు నమిలితే ఇక మాట్లాడొద్దు.

విదేశాల్లో పనికి మనుషుల్ని పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద మన ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ పేరు ఉందో లేదో మీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. తీసుకోవలసిన సర్వీసు చార్జీకి కూడా పరిమితి ఉంది: 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. లక్షలు అనగానే అక్కడే తెలిసిపోతోంది. 2023 నవంబరు 2న భారత్, ఇటలీ వలసల మీద ఒక ఒప్పందం చేసుకున్నాయి. సరైన దారి ఉందని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను. ఉద్దానం పిల్లలు ఇలాంటి చేతుల్లో పడి, తోట తాకట్టు పెట్టి, తిరిగొచ్చి మా వరండాలో కూర్చుని చెప్పుకున్నవి విన్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నుల్లా ఓస్తా నిజంగా వస్తే అప్పుడు రండి. ఏడాదికి తక్కువ కాని అనుమతితో వెళ్ళేవాళ్ళు అక్కడి ప్రభుత్వంతో ఒక ఒప్పందం మీద సంతకం పెడతారు, రెండేళ్ళలో మాట్లాడే ఇటాలియన్ ఏ2 స్థాయికి రావాలని అందులో ఉంటుంది. కానీ పనిలో చేరిన మొదటి పూట కావలసినవి అవి కావు. 'అత్తెంతొ' అంటే జాగ్రత్త, ఎవరైనా అలా అరిస్తే ముందు ఆగిపోవాలి, అర్థం తర్వాత ఆలోచించుకోవాలి. 'పెరీకొలొ' ప్రమాదం. 'కాస్కొ' హెల్మెట్, 'గ్వాంతి' చేతి తొడుగులు. వెల్డరుని 'సల్దతోరె' అంటారు. జీతం కాగితం 'బుస్తా పాగా', అందులో 'ఓరె' అని ఉన్నచోట మీ పనిగంటలు వేస్తారు, నెలనెలా మీ లెక్కతో సరిచూసుకోవాలి. అన్నిటికన్నా ముందు 'నొన్ ఒ కపీతొ', అర్థం కాలేదు. గల్ఫ్‌లో మనవాళ్ళు అర్థం కాకపోయినా తలూపేసే అలవాటు చేసుకుంటారు. వెల్డింగ్ మంట దగ్గర ఆ అలవాటు పనికిరాదు.

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం మిలాన్‌లో ఉంటోంది. మనవడికి అయిదేళ్ళు. వీడియో కాల్‌లో వాడు మధ్యలో ఇటాలియన్‌లోకి వెళ్ళిపోతాడు, నేను నవ్వి ఊరుకుంటాను. నాకు అరవై దాటాయి. ఈ వయసులో వస్తుందా? వచ్చే ఏడాది అక్కడ మూడు నెలలు ఉండాలి. మేం శాకాహారులం, బయట తినాలంటే టెన్షన్.
– ఒక అమ్మమ్మ, శ్రీకాకుళం

జవాబు: మీకూ నాకూ వయసులో పెద్ద తేడా లేదండి. మీకు పరీక్ష లేదు, పత్రం లేదు, కాబట్టి పాఠ్యపుస్తకం వరసలో వెళ్ళనక్కర్లేదు. అమ్మమ్మలకి కావలసింది ఆజ్ఞార్థకం. పుస్తకాల్లో అది ఎక్కడో వెనక వస్తుంది, మీకు నేనైతే మొదటిరోజే చెబుతాను. 'మాంజా' తిను. 'వియేని క్వా' ఇలా రా. 'అస్పెత్తా' ఆగు. 'దోర్మి' పడుకో. 'దామ్మి లా మానొ' చెయ్యి ఇయ్యి. రోడ్డు దాటేటప్పుడు ఇది కావాలి. మెల్లమెల్లగా అని మనం అన్నట్టే వాళ్ళూ 'పియానొ పియానొ' అంటారు. ఈ ఆరింటితో మీరు ఒక పూటంతా పిల్లవాణ్ణి చూసుకోగలరు.

మిగిలింది వాడి చేతే చెప్పించుకోండి. వీడియో కాల్‌లో ఒక వస్తువు చూపించి 'కె కోజె?' అనండి, ఇదేంటి అని. అయిదేళ్ళ పిల్లలకి పెద్దవాళ్ళని దిద్దడమంటే మహా సరదా. 'నొన్నా, అలా కాదు' అంటాడు. నొన్నా అంటే అమ్మమ్మ, నాయనమ్మ కూడా. కానీ ఒకటి, మీరు ఇటాలియన్ నేర్చుకుంటే వాడి మాట అర్థం చేసుకోవడానికే నేర్చుకోండి. జవాబు మాత్రం తెలుగులో చెప్పండి. బళ్ళో, పార్కులో, టీవీలో ఇటాలియన్ వాడికి ఎలాగూ దొరుకుతుంది. శ్రీకాకుళం తెలుగు వాడికి మీ ఒక్కరి దగ్గరే దొరుకుతుంది. మా అపార్ట్‌మెంటు కింద ఉండే త్రియెస్తె అమ్మమ్మలు కూడా మనవలతో ఇంట్లో ఊరి మాటే మాట్లాడేవారు, బడి భాష బడికి వదిలేసి.

తిండి గురించి. 'సొనొ వెజెతరియానా' అంటే నేను శాకాహారిని. అది చాలదు, 'సెంత్సా కార్నె, సెంత్సా పేషె' అని కూడా చెప్పాలి, మాంసం లేకుండా, చేప లేకుండా. కొందరు చేపని మాంసం కిందికి లెక్కేయరు. పిజ్జాల్లో 'మరినారా' అని ఉంటుంది. పేరులో సముద్రం ఉందని భయపడకండి, అందులో టమాటా, వెల్లుల్లి, ఒరేగానొ, నూనె, అంతే. చీజ్ కూడా ఉండదు. 'పెపెరోని' అంటే మన బెంగళూరు మిరపకాయ, నిశ్చింతగా తినవచ్చు. రిజొత్తొ అన్నం బాగుంటుంది గాని తరచు మాంసం ఉడికించిన నీళ్ళతో వండుతారు, అడగకుండా తినకండి. కొన్ని రొట్టెల్లో పంది కొవ్వు వేస్తారు, పొట్లం మీద 'స్త్రుత్తొ' అని ఉంటే అదే. పార్మిజానొ చీజ్ దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో పాలు విరిచి చేస్తారు. ఈ సంగతి తెలిశాక తినాలా మానాలా అన్నది మీ ఇష్టం. నేను తెలిసీ మానలేకపోయాను, మా అత్తగారు తెలిశాక మళ్ళీ ముట్టలేదు.

ప్రశ్న: మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. సరదాగా పాశ్చాత్య నొటేషన్ కూడా చదువుతున్నాను. అందులో అన్నీ ఇటాలియన్ మాటలే. ప్రైవేటుకి చేరమంటారా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: దీనికి ప్రైవేటు దండగ నాయనా. అల్లేగ్రొ, అదాజొ, ఫోర్తె, పియానొ, ఇలాంటివి ఒక పేజీకి సరిపడా ఉంటాయి. ఏదైనా ఆదివారం సాయంత్రం రా, ఎలా పలకాలో చెప్పి పంపిస్తాను, ఫీజు వద్దు. అప్పుడప్పుడు వయొలిన్ వినిపించు, చాలు.

ఒపెరా పాటలు పాడాలనుకుంటే మాట వేరు, అప్పుడు ఉచ్చారణ కోసం కొన్నాళ్ళు కూర్చోవాలి. వయొలిన్ తయారీ, రిపేరు నేర్చుకోవాలని ఎప్పుడైనా అనిపిస్తే క్రెమోనా గురించి చదువు. స్త్రదివారి పనిచేసిన ఊరు. 1938 నుంచి అక్కడ వయొలిన్ తయారీ నేర్పే బడి ఉంది, ఆ ఊరి పనితనాన్ని 2012లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. చెక్క చెక్కే మేస్త్రీ పక్కన కూర్చుని నేర్చుకోవాలంటే ఇంగ్లీషు పనికిరాదు. అక్కడికి వెళ్ళేట్టుంటే మాత్రం ఏడాది ముందు వచ్చి చేరు.

ప్రశ్న: విజయనగరంలో ఇటాలియన్ మాట్లాడే మనిషే కనబడరు. ప్రైవేటు అయ్యాక ప్రాక్టీసు ఎలా? అన్నట్టు, మా ఇల్లు కోట పక్కన. అమ్మవారి పండగ రోజుల్లో మీ ప్రైవేటు ఉంటుందా?
– కొత్తగా చేరిన ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: మనిషి అక్కర్లేదు, ఫోన్ చాలు. రోజూ రాత్రి మా పిల్లలు నాకు ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపాలి, ఆ రోజు ఏం చేశారో ఇటాలియన్‌లో చెబుతూ. రాసుకుని చదివితే నాకు తెలిసిపోతుంది, గొంతులో తేడా ఉంటుంది. పొద్దున్న కాఫీ తాగుతూ విని, తప్పులు నా గొంతుతో దిద్ది తిరిగి పంపుతాను. సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద నడిచేవాళ్ళు ఇద్దరు కలిస్తే ఇటాలియన్‌లోనే మాట్లాడుకోమంటాను. పక్కవాళ్ళు వింతగా చూస్తారు, చూడనీ. మిగతా సమయంలో రాయ్ రేడియో పెట్టుకుని వంటపని చేసుకోండి.

పండగకి సెలవే. దసరా తర్వాత వచ్చే సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను. ఆ రెండు రోజులూ మూడులాంతర్ల నుంచి కోట దాకా కాలు పెట్టే చోటుండదు, మీరు తోటపాలెం దాకా ఎలా వస్తారు? బుధవారం మాత్రం రండి. సిరిమాను ఎలా జరిగిందో భూతకాలంలో చెప్పాలి. 'వెళ్ళాను' అనడానికి తోడుగా ఎస్సెరె (ఉండు) అనే క్రియ రావాలి, 'చూశాను' అనడానికి అవేరె (కలిగి ఉండు) రావాలి. 'సొనొ అందాతా', 'ఒ విస్తొ'. ఆ రెండూ కలిపేస్తే మొత్తం మళ్ళీ మొదట్నుంచి చెప్పిస్తాను.